వాలు మీద పోసిన నూనె

కారు గేరు బాక్సులో ఎంత నూనె పోయాలని అడిగితే ఏలీయా మేస్త్రి దగ్గర ఒకటే జవాబు. రెండు సీసాలు. అవి రమ్ము సీసాలు. మేస్త్రి పుట్టి బుద్ధెరిగి రమ్ము వాసన చూసినవాడు కాదు, ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి. అయినా అతనికి పని నేర్పిన పంజాబీ ఉస్తాద్ కొలిచింది ఆ సీసాతోనే గనక, ఉస్తాద్ పోయాక పానాలతో పాటు ఆ సీసా కూడా అతనికే దక్కింది. పాత నూనె కిందికి వదిలెయ్యి, రెండు సీసాల కొత్త నూనె పొయ్యి, ప్లగ్గు బిగించు, బేరం అయిపోయింది.

అతని భార్య జ్ఞానవతి దగ్గర వేరే జవాబుంది. "వేలి కొస తడిసేదాకా."

ఈ రెండు జవాబుల సందులోంచే ఆ ఇంట్లోకి అసూయ దూరింది. ముందే చెప్పేస్తున్నాను, ఆ తలుపు తెరిచింది ఏలీయానే. జ్ఞానవతి తనంతట తాను తోసుకుని రాలేదు.

గేరు బాక్సు పక్కన ఒక చిన్న చిల్లు ఉంటుంది, దానికో ప్లగ్గు. నూనె సరిగ్గా ఆ చిల్లు కింది అంచుదాకా ఉండాలి. తక్కువైతే లోపలి పళ్ళు ఒకదాన్నొకటి నమిలేసుకుంటాయి. ఎక్కువైతే నూనె తనకు పనిలేని చోటికి పోయి కూర్చుంటుంది. సరిగ్గా ఉందో లేదో చూడాలంటే చిల్లులో వేలు పెట్టి, కాస్త కిందికి వంచి, కొస తడిసిందా లేదా అని చూడాలి. ఏలీయా వేళ్ళు చక్రకేళీ అరటిపళ్ళు. చిల్లు దగ్గరే ఆగిపోతాయి. ఒంచిన తీగ ఒకటి జేబులో పెట్టుకు తిరిగేవాడు గాని, ఒకరోజు అది ఎక్కడో పడిపోయింది. కారు కింద పడుకునే కేకేశాడు.

"జ్ఞానం, ఓసారిలా రా. నీ వేలు సన్నంగా ఉంటుంది."

ఆమె చేతిపిండి కడుక్కుని వచ్చింది, కొంగు బిగించి కూర్చుంది, వేలు పెట్టింది. "తడి తగలడం లేదండీ," అంది. తర్వాత కారుకు ఆ చివరా ఈ చివరా చూసి, "ఇంత వాలులో ఎలా తగులుతుంది? మళ్ళో నీళ్ళలాగ నూనంతా వెనక్కి పోయుంటుంది గదా," అంది.

జ్ఞానవతి దీవిలో లోపలికున్న ఫెరార్గంజ్ పిల్ల. తండ్రి అడివి కొట్టి వరి మళ్ళు చేసిన మనిషి. మడి చదునైందా లేదా అని వాళ్ళు కళ్ళతో చూడరు, నీళ్ళు పెట్టి చూస్తారు. ఇప్పుడు వాళ్ళు కాపురముంటున్న గరాచర్మలో చదును అనేదే కరువు. కొండను తొలిచి ఇళ్ళు కట్టుకున్నారు, ఇంటి కింద రోడ్డు, రోడ్డు పక్క షెడ్డు, షెడ్డులో కారు పెడితే ముక్కు ఆకాశం వైపుంటుంది. ఆ వాడ మొత్తానికి చదునుగా ఉన్నది చర్చి ముంగిలి ఒక్కటే. జ్ఞానవతి కారును అక్కడికి తోయించింది. కంచంలో నీళ్ళు పోసి కారు లోపల అడుగున పెట్టింది, నీళ్ళు నాలుగంచులకూ సమంగా నిలిచాక అప్పుడు వేలు పెట్టింది. ఆ రోజు సీసాన్నరే చాలని తేలింది.

ఏలీయా నవ్వాడు. ఆ రోజు నవ్వాడు.

ఆ కారు కన్నారావుది. జంగ్లీఘాట్‌లో చేపల వేట వాళ్ళ కుర్రాడు, పడవ వదిలేసి టాక్సీ పట్టాడు. నోరు ఊరుకోదు. "దీదీ ఏలెట్టినాక గేరు ఎన్నలాగ పడతంది" అని స్టాండు నిండా చెప్పుకొచ్చాడు. ఇంకేముంది. వారం తిరక్కుండా టాక్సీవాళ్ళంతా షెడ్డు దగ్గర ఆగడం, ఏలీయాకు నమస్తే కొట్టడం, కొట్టిన చేత్తోనే ఇంటి వైపు చూపించడం.

"భయ్యా, దీదీ ఏదీ? ఫెరార్గంజ్ సవారీ దొరికింది. ఓపాలి సూసీసిందంటే ధైర్నంగా ఎల్తాను."

"మొన్న నేను చూశాను గదరా."

"నువ్వు సూసినావు, ఠీక్ హై. మగర్ దీదీ సూస్తే పక్కా."

ఈ 'మగర్', ఈ 'కానీ', ఏలీయా కడుపులో పడి మండడం మొదలుపెట్టింది. షెడ్డు మీద బోర్డు తనది. 'ఏలీయా మోటార్ వర్క్స్' అని మూడు భాషల్లో రాయించాడు. ఇరవై ఏళ్ళు కార్ల కింద పడుకుని సంపాదించుకున్న పేరది. ఇప్పుడు స్టాండులో దాన్ని 'దీదీ షెడ్డు' అంటున్నారు. బోర్డు పీకి దీదీ ఇంటి గుమ్మానికి కొట్టుకుంటే సరిపోతుంది గదా అని ఒకనాడు తనలో తాను పళ్ళు నూరుకున్నాడు.

కుళ్ళు పుట్టిన మనిషి ఏమేం చేస్తాడో అన్నీ చేశాడు. వేలు సన్నబడుతుందని ఉప్పుకాగితం పెట్టి చూపుడువేలి కాయ గీకాడు, తోలు లేచి వారం రోజులు పానా పట్టుకోలేకపోయాడు. కన్నారావు సుర్మై చేప ముక్కలు తెచ్చి "దీదీ, మా యమ్మ పంపింది" అని ఇచ్చినరోజు కడుపునొప్పని చెప్పి చారన్నం తిన్నాడు. పులుసు వాసనకు రాత్రంతా నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి. కన్నారావు ఆమెను తమ్ముడిలా చూస్తాడని అతనికి తెలుసు. తెలిసి కూడా, ఆమె కారు పక్కన కూర్చుని ఏదో చెబుతుంటే కుర్రాడు తలూపడం చూస్తే ఒళ్ళు మండేది. తను చెబితే ఎవరూ అలా తలూపరు. అసలు బాధ అదీ. ఆమెను ఎవరో చూస్తున్నారని కాదు, తనను ఎవరూ చూడడం లేదని.

ఇదిలా ఉండగా రాజబాబు వచ్చాడు. రాజబాబు సంఘపెద్ద, హార్బర్ ఆఫీసులో పెద్ద గుమాస్తా, గరాచర్మ తెలుగు క్రైస్తవుల్లో సొంత కారున్న ఒకే ఒక్క మనిషి. అతను మెచ్చుకుంటే వాడంతా మెచ్చుకున్నట్టే.

"మేస్త్రీ, ఎల్లుండి మా ప్రేమావతి పెళ్ళి. పెళ్ళికూతురు ఈ కారులోనే చర్చికి రావాలి. గేర్లు గరగరమంటున్నాయి. నూనె మార్చి పెట్టు."

"అలాగేనండి. నేను చూసుకుంటా."

రాజబాబు కారు తాళాలు చేతిలో పెట్టి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు. "మీ ఆవిడ కూడా ఒకసారి చూసిందంటే నాకు నిశ్చింతగా ఉంటుంది."

పుండు మీద కారం చల్లి పైన ఉప్పు కూడా జల్లి వెళ్ళాడు పెద్దమనిషి. ఏలీయా ముఖం మాడిపోయింది.

మర్నాడు లంబాలైన్‌లో స్త్రీల ప్రార్థన కూడిక. జ్ఞానవతి బైబిలు చంకన పెట్టుకుని బయల్దేరుతూ షెడ్డు దగ్గర ఆగింది. "ఏవండీ, కారు చర్చి ముంగిట్లోకి తోయించి ఉంచండి. నేను సాయంత్రం బస్సుకు వచ్చేస్తాను. వచ్చాక పోద్దాం."

"సరే," అన్నాడు ఏలీయా.

బస్సు మలుపు తిరిగిందో లేదో కారు కిందికి దూరాడు. తోయించలేదు. తోస్తే నలుగురు చూస్తారు, నలుగురు చూస్తే 'దీదీ ఏదీ' అంటారు. ముక్కు పైకెత్తి నిలబడ్డ కారులోంచి పాత నూనె వదిలాడు. వచ్చినంత వచ్చింది, రానిది వెనక మూల నిలిచిపోయింది, ఆ సంగతి అతనికి పట్టలేదు. ఉస్తాద్ సీసా తీశాడు. ఒకటి పోశాడు. రెండోది పోశాడు. కొత్తగా ఒంచుకున్న తీగ పెట్టి చూస్తే తడి తగల్లేదు, ఎందుకు తగులుతుంది. ఆ వాలులో మూడోది పోసినా తగలదు. "రెండంటే రెండే" అని పైకే అని, ప్లగ్గు బిగించి, చేతులు తుడుచుకున్నాడు. చాన్నాళ్ళకు అతని గుండె తేలికైంది.

సాయంత్రం జ్ఞానవతి వచ్చేసరికి కారు ఇంకా అక్కడే ఉంది, చక్రాల వెనక రాళ్ళు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"పోసేశారా?"

"పోశాను."

ఆమె రాళ్ళ వైపు చూసింది. తర్వాత అతని ముఖం వైపు చూసింది. ఏదో అనబోయి, "కాళ్ళు కడుక్కు రండి, అన్నం పెడతాను," అని లోపలికి వెళ్ళింది. ఆ చూపుకు ఏలీయాకు మళ్ళీ ఒళ్ళు మండింది. నోరెత్తి ఉంటే పోట్లాడేవాడు. ఎత్తలేదు గనక పోట్లాటకు కూడా నోచుకోలేదు.

రాజబాబు ఇల్లు కొండ దిగువన. కారును అక్కడికి దింపి, రాత్రంతా ముక్కు కిందికి పెట్టి నిలబెట్టారు. వెనక మూలన దాక్కున్న నూనె అంతా ముందుకు జారుకుంది. జారినది జారినట్టు గేరు బాక్సు దాటి క్లచ్చు ప్లేట్లలోకి ఇంకింది. నూనె తాగిన క్లచ్చు దేన్నీ పట్టుకోలేదు, జిడ్డుచేత్తో గాజుసీసా పట్టుకున్నట్టే.

పెళ్ళిరోజు చర్చి ముంగిట వాడంతా చేరారు. చివరి ఎక్కుడు సగంలో ఉండగా కారు ఇంజను గోల పెట్టింది. గోల పెట్టింది గాని కారు కదల్లేదు. ఇంకా గట్టిగా తొక్కితే పొగ వచ్చింది, కాలిన కంపు కొట్టింది, కారు మెల్లగా వెనక్కి జారసాగింది. కన్నారావు పరిగెత్తుకెళ్ళి చక్రానికి రాయి వేశాడు. తెల్లచీర, తలమీద పూలకిరీటం, చేతిలో పూలగుత్తితో ప్రేమావతి బురదలోకి దిగి, చెప్పులు చేత పట్టుకుని నడిచింది. పాట మొదలుపెట్టాల్సిన వాళ్ళు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు.

కన్నారావు కారు కిందికి దూరి, నూనె కారుతున్న చేత్తో బయటికొచ్చాడు. ఆ చెయ్యి పక్కనున్న గడ్డికి రాసుకున్నాడు.

రాజబాబు చుట్టూ చూశాడు. "ఎవరు చూశారు దీన్ని? నూనె పోసిందెవరు?"

ఏలీయా తల దించుకుని కాళ్ళకింది బురద చూశాడు. అప్పుడు పక్కనుంచి జ్ఞానవతి ముందుకొచ్చింది.

"నేనే చూశానండి. లెక్క తప్పింది. ఆయన చాలన్నా నేనే ఇంకొంచెం పోయమన్నాను. క్షమించండి."

రాజబాబు ఆమెను చూసిన చూపు ఆమెకు ఎన్నడూ అలవాటు లేనిది. ఆడవాళ్ళలో ఎవరో గొణిగారు. ఏలీయా నోరు తెరవడానికి అది సమయం. తెరవలేదు. పైగా, సిగ్గులేని సంగతి చెబుతున్నాను, అతని లోపల ఏ మూలో చిన్న సంతోషం మెదిలింది.

ఆ తర్వాత అతను కోరుకున్నదంతా జరిగింది. టాక్సీవాళ్ళు వచ్చి, "మేస్త్రీ, నువ్వే సూడు" అనడం మొదలుపెట్టారు. ఇంటి వైపు ఎవరూ చెయ్యి చూపించడం లేదు. 'దీదీ షెడ్డు' మాట వినపడ్డం మానేసింది. ఏలీయా బోర్డుకు కొత్త రంగు వేయించాడు. అయితే ఒకటుంది. ఇప్పుడు కారొస్తే మొదట చర్చి ముంగిట్లోకి తోయిస్తున్నాడు, కంచంలో నీళ్ళు పోసి చూసుకుంటున్నాడు, తీగ పెడుతున్నాడు. ఆమె పద్ధతి ఆమె లేకుండా. జ్ఞానవతి షెడ్డులోకి అడుగు పెట్టడం లేదు. పిలిస్తే వస్తుందేమో, అతను పిలవలేదు.

నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి వరస వరసగా లేస్తారు. ఆడవాళ్ళ వైపు జ్ఞానవతి వరస లేచింది. ఆమె లేవలేదు. తల వంచుకుని కూర్చునే ఉంది. పక్కనున్నావిడ మోచేత్తో పొడిచింది, అయినా లేవలేదు. ఏలీయా అప్పటికే తన రొట్టెముక్క నోట్లో వేసుకున్నాడు.

ఇంటికొచ్చాక అడిగాడు. "ఎందుకు లేవలేదు?"

"అబద్ధం ఆడిన నోటితో ఎలా తీసుకుంటానండీ," అంది ఆమె, బియ్యంలో రాళ్ళు ఏరుతూ. అంతే. 'ఎవరి కోసం ఆడాను' అనలేదు. అని ఉంటే అతనికి కాస్త ఊపిరాడేది.

ఆ వారంలోనే కన్నారావు టాక్సీ తెచ్చాడు. "భయ్యా, నూనె సూడాల. నువ్వే సూడు."

ఏ మాట కోసం కాయగాచిన వేలి తోలు గీక్కున్నాడో ఆ మాట. అది చెవిన పడగానే ఏలీయాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఒరే కన్నారావూ, ఆ పెళ్ళి కారులో నూనె పోసింది..."

"నువ్వే. ఎరుకే." కన్నారావు అటు తిరిగి చక్రం మీద బురద గీకుతూ చెప్పాడు. "కారు కిందకి దూరినోణ్ణి నానే గదా భయ్యా. అంత నూనె వాలు మీద పోస్తేనే పడతాది. దీదీ వాలు మీద ఎన్నడైనా పోసిందేటి? నాకొక్కడికే కాదు, స్టాండులో అందరికీ ఎరుకే."

"మరి అందరూ నన్నే..."

"దీదీ సెప్పింది. పెళ్ళి మర్నాడే స్టాండుకొచ్చీసింది. 'తమ్ముడూ, ఇకమీద నన్ను పిలవకండి, ఆయన్నే అడగండి' అంది. దీదీ అడిగితే మేం కాదంటామేటి?"

ఏలీయా పానా కింద పెట్టి ఆయిలు డబ్బా మీద కూలబడ్డాడు. తనకు దక్కిన గౌరవం కూడా ఆమె ఇప్పించిందే. అంతకన్నా గట్టిగా గుచ్చుకున్నది మరొకటి. ఆమె వాలు మీద నూనె పోయదని ఊళ్ళో టాక్సీవాళ్ళకు తెలుసు. ఆమె అన్నాళ్ళు వేలు పెట్టింది ఎవరి షెడ్డు నిలబెట్టడానికో, తాళి కట్టిన తనకు తెలియలేదు. ఆ క్షణం అతనికి కన్నారావు మీద పట్టరాని అసూయ కలిగింది. తన పెళ్ళాన్ని తనకంటే ముందు అర్థం చేసుకున్నందుకు.

మళ్ళీ ప్రభువు బల్ల ఆదివారం వచ్చింది. ప్రసంగం అయ్యాక పాస్టరుగారు ఎప్పటిలాగే, "సాక్ష్యం చెప్పేవారుంటే చెప్పవచ్చు," అన్నారు. జబ్బు నయమైనవాళ్ళు, ఓడ ప్రయాణంలో తుఫాను దాటినవాళ్ళు లేచే సమయమది. ఏలీయా లేచాడు. ఎన్నడూ లేవని మనిషి లేచేసరికి సంఘం అంతా అతని వైపు తిరిగింది.

"రాజబాబుగారూ, మీ అమ్మాయి పెళ్ళి కారులో నూనె పోసింది నేను. వాలు మీదే పోశాను. రెండు సీసాలు. ఆమె ఊళ్ళోనే లేదు, లంబాలైన్ వెళ్ళింది. చర్చి దగ్గర చదునులో పెట్టి ఉంచమని చెప్పే వెళ్ళింది. ఆమె వచ్చాక పోస్తే మీరంతా ఆమెను మెచ్చుకుంటారని ముందే పోసేశాను. అంతేనండి. నాకు ఓర్వలేనితనం."

కూర్చున్నాడు. రాజబాబు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత ఆడవాళ్ళ వైపు తిరిగి తల వంచాడు, ఆ పెద్దమనిషి తల ఎవరికీ వంగగా వాడవాళ్ళు చూడలేదు.

బల్ల దగ్గరికి వరసలు లేచాయి. జ్ఞానవతి లేచింది. ఏలీయా మాత్రం కూర్చుండిపోయాడు, ఈసారి తన వంతు అనుకుని. వెళ్తున్నదల్లా ఆమె నడవలో ఆగింది. మగవాళ్ళ వైపు వచ్చి, వంగి, చిన్నగా అంది. "లేవండి. చెప్పేశారుగా."

అతను లేచి ఆమె వెనకే నడిచాడు.

ఆరాధన అయి బయటికొచ్చేసరికి ముంగిట్లో కన్నారావు టాక్సీ నిలబెట్టి ఉంది, లోపల అడుగున కంచం, కంచంలో కదలని నీళ్ళు. కుర్రాడు పాత నూనె అప్పటికే వదిలేసి ఉంచాడు. జ్ఞానవతి చుట్టూ ఆడవాళ్ళు మూగారు. ప్రేమావతి ఆమె చెయ్యి పట్టుకుని వదలడం లేదు. రాజబాబు తనంత తాను వచ్చి ఏదో చెబుతున్నాడు. ఏలీయా వైపు ఎవరూ రాలేదు. అతని కడుపులో పాత మంట మళ్ళీ చిన్నగా రాజుకుంది. సాక్ష్యం చెప్పినంత మాత్రాన పోయే జబ్బు కాదది. అయినా షెడ్డుకు వెళ్ళి ఉస్తాద్ సీసా, నూనె డబ్బా తెచ్చాడు. ఆడవాళ్ళ గుంపుకు ఇవతల ఆమె వైపు చూస్తూ నిలబడ్డాడు.

"జ్ఞానం," అన్నాడు. "ఓసారిలా రా."

ఆమె వచ్చింది. ఆదివారం చీర కొంగు బిగించి కారు పక్కన కూర్చుంది. అతను పోశాడు. ఒక సీసా అయింది. ఆమె వేలు పెట్టింది.

"ఇంకొంచెం."

పోశాడు.

"ఇంకొంచెం. ఇంక చాలు."

ఏలీయా సీసా ఎత్తి చూశాడు. రెండో సీసాలో సగం మిగిలే ఉంది.

"నిజంగా చాలా?"

"నమ్మకం లేకపోతే తీగ పెట్టి చూసుకోండి," అంది జ్ఞానవతి, తడిసిన వేలు పాతగుడ్డకు తుడుచుకుంటూ.

తీగ అతని జేబులోనే ఉంది. దాన్ని తీయకుండా ప్లగ్గు అందుకుని బిగించాడు.